అడవి కత్తి - అంగడి కత్తి

ముత్తుకూరులో ఇనుము వయస్సు చెప్పుట కష్టము. కృష్ణపట్టణపు రేవునుండి వీచు ఉప్పుగాలికి నిన్న బిగించిన కిటికీ కమ్మి యొక్క వర్షాకాలములో తాతలనాటి దానివలె మారును. ఈ సంగతి అచ్చటి పడవవానికి తెలియును. నగరములలోని విలాసవంతులకు తెలియదు. అందుచేతనే తుప్పుపట్టిన ఖడ్గము నొకదానిని చూపి, ఇది రెండువందల యేండ్లనాటి ఆటవికుల కత్తి యని వర్తకుడు పలికినంతనే వారు అడిగినంత యిచ్చి కొనుచున్నారు.

తుప్పు సాక్షి కాదు. ఉప్పునీటనో, ఆమ్లముతోనో దానిని కొలది దినములలో పుట్టింపవచ్చును. అట్టి తుప్పు నారింజవన్నెతో పొడిపొడిగా వ్రేలికంటును. చిరకాలపు తుప్పు నల్లబడి గట్టిపడును. చేయి తగులు చోట్ల నరిగి, మూలలయందు నిలుచును. అంతకంటె నమ్మదగినది పనితనము. కొలిమిలో సుత్తితో సాగదీసిన అలుగు పిడియొద్ద దళసరిగా నుండి మొనవైపునకు క్రమముగా పలుచనగును. చేతబట్టిన తూకము తెలియును. రేకునుండి కోసినది మొదలు తుదల యొకే మందము. అది గోడకు వ్రేలాడుటకే పుట్టినది. పాత తల్వారుల పిడిలో అలుగు తోకను లక్కతో బిగించెడివారు. నట్టో, వెల్డింగు మచ్చయో కనబడిన అనుమానింపవలసినదే. అయినను పిడి తరువాత మార్చినదై యుండవచ్చును గనుక అలుగును వేఱుగ చూడవలయును.

నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో వండిన ఉక్కుకొఱకు పారసీక వర్తకులు వచ్చెడివారు. ఆ కొలిములను 19వ శతాబ్ది తొలిపాదమున వాయిసీ యను ఆంగ్ల వైద్యుడు చూచి వర్ణించెను. ఆ ఉక్కులోని నీటి యలలవంటి చారలు లోహములోనివే. సానబట్టి చెరపినను ఆమ్లము తాకించిన మరల తేలును. పైపైన గీసినవి సానతోనే పోవును. ఈ పరీక్ష నేర్పరి చేయవలసినది. పాతదానిని పాడుచేసి పాతదని తేల్చిన లాభమేమి?

ఇక 'ఆటవిక' నామము. మన తీరపు యానాదుల బ్రతుకు చేపలతోను, తేనెతోను గడచినది. 1922లో అల్లూరి సీతారామరాజు మన్యపు పోలీసుఠాణాలపై పడినది తుపాకులకొఱకు. విల్లంబులు అచ్చటివారికి ముందే యుండెను. 1857 తిరుగుబాటు నణచిన పిదప అవధులో ఆంగ్లేయులు లక్షలకొలది ఆయుధములను లాగికొనిరి; 1878 ఆయుధ శాసనముతో మిగిలినవానికి లైసెన్సు నిర్బంధము వచ్చెను. అట్టి దేశమున నిన్ని పురాతన ఖడ్గములు ఎచ్చట దాగియుండెను? ఏ పేరు చెప్పిన వెల పెరుగునో ఆ పేరును తగిలించి, గిరిజనులకు లేని చరిత్రను అంటగట్టుచున్నారు. వారి నిజమైన చరిత్ర నడుగువాడు లేడు.

1972 పురావస్తు శాసనము ప్రకారము నూఱేండ్లు నిండిన వస్తువును ప్రైవేటు వ్యక్తి విదేశములకు పంపరాదు. అందువలన వర్తకుడు కొనువానితో పురాతనమనును. కస్టమ్సువారి యెదుట కొత్తదనును. ఈ రెండవ మాటయే తఱచుగా నిజము!

మాకు కొత్త కత్తిపై ద్వేషము లేదు. ఉదయపురపు కోఫ్త్‌గరీ పనికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది; ఆ పనివారు తమ పనిని తమదనియే అమ్ముకొనవచ్చును. మన కమ్మరి కేల ఆ భాగ్యము లేదు? అలుగు తోకపై చేసినవాని పేరును, సంవత్సరమును చెక్కించి అమ్ముటకు వర్తక సంఘములు పూనుకొనవలయును. అట్లు చెక్కనిదానికి పురావస్తుశాఖ పత్రము చూపుడని కొనువారు పట్టుబట్టవలయును.