సెల్‌ఫోనును మనోవైద్యమును

మన పిల్లలు సెల్‌ఫోను విడువకున్నారని తల్లిదండ్రులు మొఱపెట్టుకొనుట సర్వసాధారణమైనది. ఆ మొఱలో నిజము లేకపోలేదు. ప్రపంచారోగ్యసంస్థవారు 2019వ సంవత్సరమున వీడియో ఆటల వ్యసనమును రుగ్మతల పట్టికయందు చేర్చిరి. అంతకు పూర్వమే, 2014లో, బెంగుళూరు నిమ్హాన్సువారు ఇట్టి వ్యసనములకై ప్రత్యేక చికిత్సాశాలను తెఱచిరి. అయినను నేను చెప్పదలచినది వేఱొకటి.

మాటయే మందుగా గల చికిత్స యొకటి కలదు. రోగి చెప్పవలెను, వైద్యుడు వినవలెను. నడుమ వచ్చు మౌనమును ఇరువురును సహింపవలెను. ఈ మౌనమే నేటి యువకులకు దుర్భరము. ఒక్క నిమిషము ఊరకుండవలసి వచ్చినచో చేయి జేబులోనికి పోవును. అరనిమిషపు రీల్సు చూచి తమ రోగమునకు తామే పేరు పెట్టుకొని వచ్చువారును కలరు. పేరు తెలిసినంతమాత్రమున బాధ తెలిసినట్లు కాదు. ఇపుడు కృత్రిమమేధ గల యంత్రములతో గోడు వెళ్లబోసికొనుటయు మొదలైనది. అర్ధరాత్రమందైనను విసుగుకొనక బదులిచ్చుట దాని గుణము. చెప్పినదానికెల్ల తలయూపుట దాని దోషము. మంచి వైద్యుడైనచో, అవసరము వచ్చినపుడు, "అట్లు కాదు నాయనా" యనును.

ఇంతమాత్రమున సెల్‌ఫోనును లాగికొందమా? 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము టెలి-మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు పిలిచినచో రాత్రింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే, మాటలాడువారు దొరకుదురు. మన పట్టణమున చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల యున్నది. కాని ఆ గుమ్మము తొక్కుటకు సిగ్గుపడు కుటుంబములెన్ని! గాజువాక పిల్లవాడు బస్సెక్కి అంత దూరము వచ్చి, ఎవరైన చూతురేమోయని గేటుకడనుండియే మరలిపోవుటకంటె ఫోను మేలు కదా. శిక్షయని దానిని లాగికొన్న దినముననే ఈ ద్వారమును మూసినవార మగుచున్నాము.

ద్వారము తెఱచియున్నను, మాటలాడుటకు చోటేది? ఇంట రెండు గదులు. తండ్రి ఉక్కు కర్మాగారమున రాత్రి షిఫ్టు చేసివచ్చి పగలు నిద్రించుచుండును. తల్లి వంటయింట నుండును. తమ్ముడు చెవియొగ్గి యుండును. డాబామీదికి పోయినచో ఎవరితో గుసగుసలని పొరుగువారడుగుదురు.

కావున పాఠశాలయే యొక గది ఈయవలెనని నా మనవి. విఱిగిన బల్లలు పడవేయు గదిని ఖాళీ చేసినను చాలును. ఉపాధ్యాయుడు వెలుపల నిలువవచ్చును గాని లోపలి మాట ఆలకింపరాదు, పిమ్మట ఆరా తీయరాదు. (కుతూహలము మా వృత్తికి సహజమే!) ప్రాణాపాయమని తోచినచో మాత్రము సంగతి వేఱు. వచ్చు జూనులో బడి తెఱచునాటికి ఆ గదికొక గడియ, రెండు కుర్చీలు, ఒక చార్జరు సమకూడవలెను.