రోగి ప్రక్కనున్న కుర్చీ

గడచిన సంవత్సరమున మా గృహిణికి రొమ్ము క్యాన్సరు కలదని వైద్యులు నిర్ణయించిరి. ఇరువదియొక్క దినములకొక పర్యాయము కీమోథెరపీ నిమిత్తము ఆమె వైద్యశాలకు పోవలసివచ్చెను. మొదటి పర్యాయము కార్యాలయమున పనియున్నదని చెప్పి, ఆమె చెల్లెలిని తోడిచ్చి పంపితిమి. రెండవ పర్యాయము మేమే పోతిమి. అచ్చట చూచినదానిని పాఠకులకు విన్నవించుట కర్తవ్యమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ గదిలో పురుషరోగుల ప్రక్కను వారి భార్యలు కూర్చుండిరి. స్త్రీల ప్రక్కను తల్లులు, అక్కచెల్లెండ్రు, కూతుండ్రు కూర్చుండిరి. భర్తలేరి? ఒకరు వరికోతలకు, ఒకరు కోర్టు వాయిదాకు, మఱియొకరు అంగడికి పోయిరట. అందఱును సొమ్ము మాత్రము పంపిరి. సొమ్ము పంపినచో ధర్మము తీరినదని భావించువారిలో మేమును ఒకరమై యుంటిమి.

మందెక్కించువారు నర్సులు, మోతాదు నిర్ణయించువారు వైద్యులు. ఇక తోడుపోవువానికి పనియేమని కొందఱడుగవచ్చును. రోగి వైద్యశాలలో నుండునది కొన్ని గంటలు. తక్కిన దినములన్నియు ఇంటనే గడచును. ఈ మందులు క్యాన్సరు కణములతోపాటు త్వరితముగా పెరుగు తక్కిన కణములను గూడ దెబ్బతీయును. వెండ్రుకలు రాలుట, నోరు పూయుట అందువలననే. రక్తములోని తెల్లకణములు సాధారణముగా ఏడవ దినము మొదలు పదునాలుగవ దినము వఱకు మిక్కిలి తగ్గియుండును. అప్పుడు జ్వరము 100.4 ఫారన్‌హీటు డిగ్రీలకు చేరినచో తెల్లవాఱువఱకు ఆగరాదు. ఆలస్యము ప్రాణాంతకము కావచ్చును.

మా యింట ఆ జ్వరము పదవనాటి రాత్రి రెండు గంటలకు వచ్చెను. "తెల్లవాఱనిండు, మీకు నిద్రాభంగమెందుకు?" అని ఆమె యనెను. వైద్యుని యెదుట కూర్చుండి విన్నవారము గనుకనే ఆ మాటను పాటింపక, అప్పుడే కారు పిలిపించి తీసికొనిపోతిమి. చెల్లెలినే మరల పంపియున్నచో ఏమగునో తలచుటకే భయమగుచున్నది.

జ్వరమును గూర్చిన సూచనల కాగితము ఆంగ్లమున నుండెను. మేము చదువుకొంటిమి. ప్రక్కనున్న రైతు భార్య దానిని మడిచి సంచిలో పెట్టుకొనెను. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధకబృందము అమెరికాలో సిద్ధపఱచిన అమినోప్టెరిన్ మందుతోనే సిడ్నీ ఫార్బరు బోస్టను నగరమున రక్తక్యాన్సరు బిడ్డలకు చికిత్సచేసి, తాత్కాలికముగానైనను ఆ వ్యాధిని అణచవచ్చునని 1948లో వెల్లడించెను. నేటి కీమోథెరపీ పునాదులలో అది యొకటి. అట్టి చికిత్స పొందు తెలుగు రోగికి, జ్వరమునాడు ఏమి చేయవలెనో తెలుగున చెప్పు కాగితము లేకుండుట మనకు సిగ్గుచేటు.

కావున వైద్యశాలలవారు తోడువచ్చినవారిని అడ్డముగా నిలిచిన జనముగా చూడక, చికిత్సలో భాగస్థులుగా ఎంచవలెను. వారికొక కుర్చీ, తెలుగున సూచనలు, రాత్రివేళ పలుకు ఫోను సంఖ్య ఈయవలెను. యజమానులు ఆ దినమునకు సెలవు నిరాకరింపరాదు.

పాఠక మహాశయులకు మా మనవి యొక్కటే. సప్తపదిలో ఏడవ అడుగు సఖ్యమునకని పెద్దలు చెప్పుదురు. కోత రెండు దినములు ఆగును, వాయిదా మార్పించుకొనవచ్చును. మీ యింట ఇట్టి యవసరము వచ్చినచో వేఱొకరిని పంపకుడు; మీరే పొండు.