వ్యాన్‌లో టీవీకి ఇన్వర్టర్ దండగ

ఒక శివరాత్రికి మా చిన్నాయన తన వ్యాన్‌లో పదకొండు మందిని ఎక్కించుకుని ఓంకారం పోయినాడు. మా బండి ఆత్మకూరు మండలంలోనే, నల్లమల అంచున ఉండే శివుడి గుడి అది. రాత్రంతా జాగారం కాబట్టి వ్యాన్‌లో కొత్తగా బిగించిన టీవీ ఆన్ చేసి పెట్టినాడు. పొద్దున అయిదింటికి తాళం తిప్పితే టిక్ టిక్ అని సౌండ్, అంతే. నెట్టి స్టార్ట్ చేయడానికి మనుషుల్ని పోగేసేసరికి ఏడు దాటింది. నంద్యాలలో రైలు ఎక్కాల్సిన ఒక ఫ్యామిలీకి రైలు పోయింది. చిన్నాయన వాళ్ల బాడుగ డబ్బులు వెనక్కి ఇచ్చేసినాడు.

నాకు ఫోన్ చేసి ఒకటే మాట: "రేయ్, ఇంజనీరింగ్ చదివినావు కదా, టీవీ చూస్తే బండి ఆగిపోవడమేంది?"

లెక్క వేస్తే నేరం టీవీది కాదని తేలింది. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీకే ఇన్వర్టర్ తగిలించి, ఆ ఇన్వర్టర్‌కి టీవీ పెట్టినారు. అన్నీ కలిపి 65 వాట్లు అనుకోండి. 12 వోల్టుల దగ్గర అది సుమారు 5.4 ఆంపియర్లు. ఏడు గంటలకి 38 ఆంపియర్ అవర్లు. దానికి తోడు లోపల లైట్లు, అందరి ఫోన్ చార్జింగులు. మూడేళ్ల పాత బ్యాటరీ ఇంకెక్కడ మిగుల్తుంది? స్టార్టర్ బ్యాటరీ పని కొన్ని సెకన్లు వందల ఆంపియర్లు ఇవ్వడం. లోపల ప్లేట్లు పల్చగా ఉంటాయి. నెమ్మదిగా అడుగంటా పిండితే అది తొందరగా చచ్చిపోతుంది.

సో, ఫస్ట్ రూల్: స్టార్టర్ బ్యాటరీ జోలికి పోవద్దు. టీవీకి వేరే బ్యాటరీ ఉండాల్సిందే.

ఇక్కడే షాపు వాళ్లు ఎంటర్ అవుతారు. చిన్నాయనకి ఇచ్చిన కొటేషన్ చూసి నాకు నవ్వొచ్చింది: 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, 1500 వీఏ ఇన్వర్టర్, 43 అంగుళాల టీవీ. ఇంటికి పెట్టే సెటప్‌ని యథాతథంగా వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు. ఆ బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది, లోపల యాసిడ్ ఉంటుంది, చార్జ్ అయ్యేటప్పుడు గ్యాస్ వదులుతుంది. మనుషులు పడుకునే వ్యాన్‌లో అది ఎందుకు?

నా అభిప్రాయం సూటిగా చెప్తా. వ్యాన్‌లో టీవీ ఒక్కదాని కోసమే అయితే ఇన్వర్టర్ కొనొద్దు.

ఎందుకంటే బ్యాటరీలో ఉన్నది డీసీ. ఇన్వర్టర్ దాన్ని 230 వోల్టుల ఏసీ చేస్తుంది. టీవీ అడాప్టర్ మళ్లీ దాన్ని 12 లేదా 19 వోల్టుల డీసీ చేస్తుంది. నంద్యాల నుంచి మహానందికి కర్నూలు మీదుగా పోయినట్టు. దారిలో కరెంటు వేడిగా మారి పోతుంది. పైగా పెద్ద ఇన్వర్టర్ ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా కొన్ని వాట్లు తింటూనే ఉంటుంది.

మా దగ్గర 24 అంగుళాల ఎల్ఈడీ టీవీ 28 వాట్లు, సెట్‌టాప్ బాక్స్ 10 వాట్లు తీసుకున్నాయి. మొత్తం 38. చిన్న డీసీ కన్వర్టర్ మీద నడిపితే బ్యాటరీ నుంచి 42 వాట్లు పోయింది. పెద్ద ఇన్వర్టర్ మీద అదే టీవీకి 65. ఇప్పుడు 12.8 వోల్టుల 50 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకోండి. 640 వాట్ అవర్లు, అందులో 90 శాతం వాడుకున్నా 576. ఇన్వర్టర్ మీద దాదాపు 9 గంటలు. కన్వర్టర్ మీద 13 గంటల పైనే. బ్యాటరీ అదే, టీవీ అదే.

అయితే ఒక జాగ్రత్త. "నా టీవీ 12 వోల్టులే కదా" అని బ్యాటరీ వైర్లు డైరెక్ట్‌గా గుచ్చొద్దు. 12 వోల్టుల బ్యాటరీ అని పేరుకే అంటాం. చార్జ్ అయ్యేటప్పుడు 14.6 దాకా పోతుంది, ఖాళీ అయ్యేటప్పుడు 11 కిందికి వస్తుంది. మధ్యలో వోల్టేజ్ నిలకడగా ఇచ్చే కన్వర్టర్ తప్పనిసరి. బ్యాటరీ టెర్మినల్ పక్కనే 10 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, వోల్టేజ్ పడిపోతే ఆగిపోయే కటాఫ్. ఈ మూడూ లేకుండా ఎవడు బిగిస్తానన్నా ఒప్పుకోవద్దు.

చార్జింగ్ సంగతి? రోజుకి నాలుగు గంటలు చూస్తే 168 వాట్ అవర్లు. ఇంజిన్ ఆల్టర్నేటర్ నుంచి 10 ఆంపియర్ల డీసీ చార్జర్ పెడితే గంటన్నర ప్రయాణంలో అది తిరిగొచ్చేస్తుంది. అంటే ఓంకారంలో చూసింది అహోబిలం చేరేలోపు నిండిపోతుంది. ఒకేచోట రెండు మూడు రోజులు ఉండేవాళ్లకైతే పైన 100 వాట్ల సోలార్ ప్యానెల్ చాలు, మా సీమ ఎండకి.

ఆ ఎండతోనే ఇంకో సమస్య. మే నెలలో నంద్యాల 44 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. తాళం వేసిన వ్యాన్ లోపల ఇంకా ఎక్కువ. లిథియం బ్యాటరీని ఎంత వేడి దాకా చార్జ్ చేయొచ్చో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, చూసి కొనండి. సీటు కింద గాలి ఆడే చోట పెట్టండి.

రెడీమేడ్ పవర్ స్టేషన్ కొంటామనే ఫ్రెండ్స్‌కి ఒకే మాట. డబ్బా మీద లక్ష ఎంఏహెచ్ అని చూసి మురిసిపోవద్దు. ఆ లెక్క సాధారణంగా లోపలి సెల్ వోల్టేజ్ దగ్గరిది. 3.7 వోల్టులైతే అది 370 వాట్ అవర్లే. ఎప్పుడూ వాట్ అవర్లే చూడండి.

మరి ఇన్వర్టర్ ఎవరికి? మిక్సీ, ఫ్యాన్, పెద్ద ల్యాప్‌టాప్ నడిపేవాళ్లకి. వాళ్లయినా ప్యూర్ సైన్ వేవ్‌దే తీసుకోవాలి, అవసరం తీరాక ఆఫ్ చేయాలి.

"ఫోన్ ఉండగా టీవీ ఎందుకు బ్రో?" అని కామెంట్ పెట్టేవాళ్లు ఉంటారు. పదకొండు మంది ఒక ఫోన్‌లో చూడలేరు. మా నాయన అయితే ఇంకో మాట చెప్తాడు. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు, ఆదివారం పొద్దున కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ విప్పుకొచ్చి బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్ టీవీకి తగిలించేవాళ్లంట. ఆ టీవీకి వెనక 12 వోల్టుల సాకెట్ ఉండేది. ఇన్వర్టర్ లేదు, ఏమీ లేదు. ఆ రోజుల్లో తెలిసిన సింపుల్ పద్ధతిని మనం స్మార్ట్ టీవీ వచ్చాక మర్చిపోయాం.

చిన్నాయన ఆ కొటేషన్ చించేసినాడు. 50 ఏహెచ్ లిథియం ఒకటి, కన్వర్టర్ ఒకటి నేనే పెట్టించినా. పోయిన నెల ఓంకారం పోయొచ్చి ఫోన్ చేసినాడు. "రాత్రంతా టీవీ ఆడింది రా. పొద్దున ఒక్క తాళానికే స్టార్ట్ అయింది" అన్నాడు.