ఏ శాఖకును చెందని వ్యాధి

1937వ సంవత్సరమున మద్రాసు రాజధానికి చెందిన వైద్యులు కొందరు, అప్పటి నెల్లూరు జిల్లాలోని మెట్ట గ్రామములలో జనుల వెన్నెముకలు బిగిసి, నడుములు వంగి, కీళ్ళు కదలకుండ పోవుటకు బావినీటిలోని ఫ్లోరైడు కారణమని ఒక వైద్యశాస్త్ర పత్రికలో ప్రకటించిరి. మన దేశమున మనుష్యులలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి వెలువడిన తొలి శాస్త్రీయ నివేదికలలో నదియొకటి. అయితే అంతకు కొన్ని యేండ్ల క్రిందటనే, కాడికి కట్టిన యెద్దులు కీళ్ళు పట్టుకొని అడుగు వేయలేక నిలిచిపోవుచుండుటను ఆ ప్రాంతపు రైతులు కనిపెట్టియుండిరని ఈ వ్యాధి చరిత్ర వ్రాసినవారు పేర్కొందురు. రైతు కనిపెట్టినది పశువుల మాటగా మిగిలెను. వైద్యుడు కనిపెట్టినది పత్రిక కెక్కెను. ఒకే నీటిని గూర్చిన ఈ రెండు ఎరుకలును కలిసికొనదగిన చోటు ఆనాడు లేదు. నేడు మాత్రము ఉన్నదా యనునది నా ప్రశ్న.

పర్యావరణ సుస్థిరత, సామాజిక న్యాయము అను మాటలు నేడు విశ్వవిద్యాలయములలో మిక్కిలి ప్రచారమునకు వచ్చినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము బహుశాస్త్ర అధ్యయనమును పదే పదే ప్రశంసించినది. ఆ పేరిట కేంద్రములు వెలయుచున్నవి, సదస్సులు జరుగుచున్నవి, శాలువలు కప్పబడుచున్నవి. భోజనానంతరము రసాయనశాస్త్రజ్ఞుడు తన శాఖకును, సమాజశాస్త్రజ్ఞుడు తన శాఖకును మరలిపోవుచున్నారు. ఏ యొక్క శాఖయు తనంతట తాను విప్పజాలని చిక్కుముడి యొకటి, ఒకానొక చోట, కొందరు మనుష్యుల శరీరములలో ఎదురై నిలిచినప్పుడు, దానిని విడిచిపోరాదని నిశ్చయించుకొన్నవారు ఏండ్ల తరబడి కలిసి పనిచేసినగాని విద్వత్సమాజ మనదగినది యేర్పడదు.

ఇందుకు నల్లగొండ చరిత్ర కంటె మంచి పాఠము మనకు లేదు. అచ్చటి ఫ్లోరోసిస్‌ను గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు లాన్సెట్ పత్రికలో మరియొక విపరీతమును వెల్లడించిరి: పెద్దల నడుములు బిగియుట అటుండగా, ఎదుగుచున్న వయసువారి మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానితో నొకటి ఒరసికొనుచున్నవి. వైద్యవిచారణ అచ్చటనే ఆగియుండవచ్చును, ఆగలేదు. ఆ సంస్థవారు ఆ కుటుంబములు తిను జొన్నలను పరీక్షించిరి. జొన్నలోని మాలిబ్డినమునకును, శరీరమునుండి రాగి తొలగిపోవుటకును గల సంబంధమును విచారించిరి. తుదకు, నాగార్జునసాగరము నిండి కాలువలు పారిన పిమ్మట భూగర్భజల మట్టము పెరిగి నేల క్షారత మారుటకును ఇందులో పాలు కలదేమో యను ఊహవరకు వచ్చిరి. ఎముకతో మొదలైన విచారణ కంచములోనికి, కంచమునుండి చేనిలోనికి, చేనినుండి జలాశయమునకు నడచినది. ఆ ఊహలో ఎంత నిలుచునో నిపుణులు తేల్చవలసినదే. నేను మెచ్చుకొనునది ఆ నడకను.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థ, నీటినుండి ఫ్లోరైడును తొలగించు పద్ధతి నొకదానిని రూపొందించగా దానికి నల్లగొండ పేరే స్థిరపడినది. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, మొదట వేగముగను పిదప మెల్లగను కలియబెట్టి, మడ్డి అడుగున పేరుకొనువరకు కదలింపక యుంచి, పైతేట నీటిని వంచుకొనవలెను. రసాయనశాస్త్రరీత్యా ఇది పనిచేయు పద్ధతియే, ఖర్చును స్వల్పమే. కాని పటిక మోతాదు బావి బావికిని మారును. నీటిలోని ఫ్లోరైడును, క్షారత్వమును చూచి లెక్క కట్టవలెను. తెల్లవారకమునుపే కలుపుతీతకు పోవలసిన కూలి స్త్రీ ఆ లెక్క ఎప్పుడు కట్టును, రెండు బిందెల నీటికై ఎంతసేపు కాచుకొనును, అడుగున మిగిలిన ఫ్లోరైడు మడ్డిని ఎచ్చట పారబోయును? ఈ ప్రశ్నలు ప్రయోగశాలలో పుట్టవు. ఇంటి వెనుక దొడ్డిలో పుట్టును. ఇంజనీరు ప్రక్కన ఆ స్త్రీ దినచర్య నెరిగినవా రొకరు, లేదా ఆ స్త్రీయే, మొదటినుండి కూర్చుండియుండినచో ఆ పద్ధతి వేరొక రూపము దాల్చియుండెడిదని నా నమ్మకము.

ఇక నీరు వచ్చిన విధము వేరు. 1996 లోక్‌సభ యెన్నికలలో, మంచినీటికై పోరాడుచున్న జలసాధన సమితి పిలుపుమీద జనులు గుంపులుగా నామినేషన్లు వేయగా, నల్లగొండ స్థానమున అభ్యర్థుల సంఖ్య 480కి చేరెను. బ్యాలెట్ పత్రము పుస్తకమంత యయ్యెను. పోలింగును వాయిదా వేయవలసి వచ్చెను. పార్లమెంటు ఆ సంవత్సరమే చట్టమును సవరించి లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచినది. దాహము మాట యెట్లున్నను, దాహమును చాటుకొనుటకు వెల మాత్రము వెంటనే నిర్ణయింపబడినది! కృష్ణాజలము గొట్టములలో పల్లెపల్లెకు చేరుటకు ఇంకను ఏండ్లు పట్టినది. సిద్దిఖీ వ్రాసిన నలువది యేండ్లకును కదలని యంత్రాంగము ఓటుపెట్టె దగ్గర ఉలికిపడినదన్నచో, నీటి రసాయనమును, రాజనీతిశాస్త్రమును వేర్వేరు భవనములలో చదువుకొనుట ఎంత తెలివితక్కువయో వేరుగ చెప్పనక్కరలేదు.

నేడు ఈ రెండును కలిపి చదువవలసిన చోటు శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు కన్నులపండువుగా నున్నవి. ఆ తోటలలోను పొలములలోను పనిచేయువా రనేకుల మూత్రపిండములు మాత్రము, మధుమేహము లేకయే, రక్తపోటు లేకయే, కారణము తెలియకయే క్షీణించుచున్నవి. మూత్రపిండముల స్థితిని తెలుపు క్రియాటినిన్ అను మాట అచ్చట వైద్యుల సొత్తు కాదు. పదవ తరగతి దాటని వారును తమ అంకె యెంతో, పోయిన నెలకంటె ఎంత పెరిగినదో చెప్పగలరు. నీటిలోని సిలికా యని కొందరు, భారలోహములని కొందరు, పురుగుమందులని, నొప్పిమాత్రలని, ఎండలో చెమటోడ్చి తగినంత నీరు త్రాగకుండుటయని, వంశపారంపర్యమని మరికొందరు ఊహించిరి. మధ్య అమెరికాలోని చెరకుకూలీలలోను, శ్రీలంక ఉత్తరమధ్య మండలపు వరిరైతులలోను ఇట్టి వ్యాధియే కానవచ్చుటచే ప్రశ్న యింకను పెద్దదైనది. ఏ శాస్త్రమువారు వచ్చినను తమ శాస్త్రమునకు అందు కారణమునే వెదకి పోవుచున్నారు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రియు పరిశోధనా కేంద్రమును, హిరమండలము జలాశయమునుండి త్రాగునీరు తెచ్చు 700 కోట్ల రూపాయల పథకమును ప్రారంభమైనవి. ఇవి చిన్న పనులు కావు. కాని ఆస్పత్రి తన గుమ్మము తొక్కినవారినే లెక్కించును. చెట్టు దిగిన కూలి నడుమునొప్పికి అంగడిలో బిళ్ళ కొని మ్రింగి మరునాడు మరల చెట్టెక్కుట, ఒక్కరోజు మానినచో పోవు కూలి డబ్బు, డయాలసిస్‌కు పోయి వచ్చు దారిఖర్చులకై చేసిన అప్పు, దానికై అమ్మిన గేదె: ఇవియు వ్యాధి వృత్తాంతములో భాగములే. వీనిని వ్రాసికొనుటకు మూత్రపిండ నిపుణునకు తీరిక లేదు. వ్రాయగల ఆర్థికశాస్త్రజ్ఞునకు ఆ వార్డులో చోటు లేదు.

ఆ సోంపేటలోనే మరియొక సంగతి జరిగినది. అచ్చటి బీల నేలలు థర్మల్ విద్యుత్కేంద్రము కొరకు నిర్ణయింపబడినప్పుడు, చేపయు, వరియు, పశువుల మేతయు, చుట్టుప్రక్కల యూళ్ళకు నీటి ఊటయు ఇచ్చు తడినేల కాగితములలో పనికిరాని భూమిగా చూపబడినది. మత్స్యకారులును రైతులును కాదని మొరపెట్టిరి. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దుచేసినది. బీలను గూర్చి వలవేయువాడెరిగినది ముందుగా ఒక శాస్త్రజ్ఞుని నోట్సులోనికి ఎక్కియుండినచో, ఢిల్లీలో ఆ తీర్పు చెప్పవలసిన పనియే యుండెడిది కాదు.

మనకు పండితులు లేరా? హైదరాబాదులో తార్నాకకును ఉప్పల్‌కును నడుమ రాతిని, భూగర్భజలమును పరిశీలించు సంస్థ ఒకటి, రసాయనములను పరిశీలించునది ఒకటి, జీవకణమును పరిశీలించునది ఒకటి, ఆహారమును పరిశీలించునది ఒకటి, సమీపముననే సమాజశాస్త్రములు బోధించు ఉస్మానియా విశ్వవిద్యాలయము, అన్నియు ఒకే త్రోవ మీద నున్నవి. ఉద్దానపు ప్రశ్నకు కావలసిన వారందరును ఒకే సిటీబస్సులో పోవుచున్నారు, పలకరించుకొనకుండ. వారిని తప్పుపట్టను, వారి ఉద్యోగోన్నతి వ్యాసముల లెక్కపై నడచును, వ్యాసము శాఖనుబట్టి లెక్కింపబడును. నేలను, వైద్యమును కలిపి పరిశోధించిన విద్యార్థిని అధ్యాపక పదవికి దరఖాస్తు పెట్టినచో, సంబంధిత విషయమున పట్టము లేదని మొదటి వడపోతలోనే త్రోసివేయబడు భయము కలదు. యు.జి.సి. నెట్ పరీక్షయు విషయముల వారీగనే జరుగును.

అన్నిటిని తడవిన పండితుడు దేనిలోను లోతు లేనివాడగునని పెద్దలు కొందరు హెచ్చరింతురు. వారి మాటలో సత్యము లేకపోలేదు. మోకాళ్ళ వంకరను గుర్తించినది నిపుణుల కన్నే. సగము వైద్యము, సగము భూగర్భశాస్త్రము నేర్చినవాని కది చిక్కియుండెడిది కాదు. నేను కోరునది లోతును విడువుమని కాదు, ప్రక్కబావివానితో మాటలాడుమని.

న్యాయమను మాటను ఇట్టి పరిశోధన విషయమున నేను చాల సామాన్యమైన అర్థములో తీసికొనుచున్నాను. రక్తమిచ్చినవానికి ఫలితము తెలుపవలెను, అతని భాషలో, అతని ఊరిలో. ఇంగ్లీషు పత్రికలో అచ్చగుటకు ముందే ఆ వ్యాసపు సారాంశము కవిటిలోనో కంచిలిలోనో తెలుగులో చదువబడవలెను. మాకు ఇది ఇంకను తెలియలేదని చెప్పుటకు పరిశోధకుడు అచ్చట సిగ్గుపడరాదు. ఏ ప్రశ్న ముందు విచారింపవలెనో నిర్ణయించు బల్లయొద్ద ఆశా కార్యకర్తకును, డయాలసిస్ రోగి భార్యకును కుర్చీలు వేయవలెను; ఆ దినపు కూలి వారికి చెల్లింపవలెను, ఆచార్యులకు ప్రయాణభత్యము చెల్లించుచున్నట్లే.

ఇందుకు క్రొత్త భవన మక్కరలేదు. ఎచ్చెర్లలో 2008లో స్థాపింపబడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయము ఆ జిల్లాలోనే యున్నది. హైదరాబాదు సంస్థలును, విశాఖ వైద్య కళాశాలయు అచ్చటి పరిశోధక విద్యార్థులకు తలకొక ఉపదేశకు నిచ్చినచో, ప్రతి విద్యార్థికిని రెండు శాస్త్రములనుండి ఇద్దరు గురువులు దొరకుదురు. పదేండ్లపాటు అవే ఊళ్ళలో అవే కుటుంబములను చూచివచ్చు ఒప్పందము ఒకటి వ్రాసికొనవలెను, మూడేండ్ల ప్రాజెక్టు ముగియగానే గది తాళము వేసికొని పోవుటకు వీలులేనట్లుగా. ఆ విద్యార్థులలో మొదటి ఆమె పట్టము చేతపట్టుకొని ఉద్యోగమునకు వచ్చునప్పటికి, సంబంధిత విషయమను గడిలో ఏమి వ్రాసికొనవచ్చునో విశ్వవిద్యాలయములు ఇప్పుడే తీర్మానించి యుంచుట మేలు.