ఎనిమిది చుక్కల తాళం

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థిని)

తాళజ్ఞానం పుట్టుకతోనే రావాలి అనే మాట మనలో చాలామంది అంటుంటారు. ఆ మాట తప్పని నా అభిప్రాయం. ఎందరో పిల్లల్ని సంగీతం గడప తొక్కనివ్వని మాట అని నా అభియోగం కూడా. నాకు సంగీతంలో పాండిత్యం లేదు. లెక్కలు చదువుకునే రైతుబిడ్డను. అయినా ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుందనుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

ఫస్టియర్‌లో ఉండగా ఈ ఊళ్ళోనే ఒక సాయంకాలపు సంగీతం క్లాసులో చేరాను. సరళీ వరసలు ఎట్లాగో దాటాను. అలంకారాలు వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ధ్రువ తాళంలో తట్టుకున్నాను, త్రిపుటలో బోర్లా పడ్డాను. ఏడు అక్షరాలకు ముగియాల్సిన తాళం నా చేతిలో ప్రతిసారీ ఎనిమిదికి పోయేది. మూడు వారాలు చూసి పాఠం చెప్పేవారు నవ్వుతూనే అన్నారు: "మడక పట్టే చేతులమ్మా మీవి, తాళం నిలవదు." తోటి పిల్లలూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మరుసటి వారం నుంచి వెళ్ళలేదు.

తర్వాత ఏడాది కంప్యూటర్స్ లెక్చరర్ ఒకాయన గ.సా.భా. కనుక్కునే యూక్లిడ్ పద్ధతి చెబుతూ, ఇది డప్పు వాయించడానికి కూడా పనికొస్తుందట అని మాటవరసకు అన్నారు. ఆ మాట పట్టుకుని వెళ్తే గాడ్‌ఫ్రీడ్ టూసాంట్ అనే ఆయన దొరికాడు. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం పనిచేసిన కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు. లయను రేఖాగణితంగా చూస్తూ 2013లో ఒక పెద్ద పుస్తకమే ప్రచురించాడు. 2019లో కాలం చేశాడు. ఆయన చేసే మొదటి పని చాలా చిన్నది. తాళాన్ని వరసగా రాయకుండా వృత్తం మీద పెడతాడు.

మీరూ గీసి చూడండి. ఒక వృత్తం. దాని మీద గడియారం అంకెల్లాగా సమాన దూరంలో ఎనిమిది చుక్కలు. పై చుక్క సున్న, అక్కడి నుంచి కుడివైపుగా ఒకటి, రెండు, ఇట్లా ఏడు దాకా. ఎనిమిదో అడుగు మళ్ళీ సున్న మీదే పడుతుంది. ఆవర్తం అనే మాటకు అర్థం కాయితం మీదే కనిపిస్తుంది. ఆది తాళం అంటే చతురశ్ర జాతి త్రిపుట. నాలుగు అక్షరాల లఘువు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు. ఈ అంగాలు మొదలయ్యేది 0, 4, 6 చుక్కల దగ్గర. ఆ మూడు చుక్కలూ కలపండి. 0, 4 ఎదురెదురు చుక్కలు, కాబట్టి వాటిని కలిపే గీత వ్యాసం. అర్ధవృత్తంలోని కోణం లంబకోణమని హైస్కూల్లో బట్టీ పట్టాం గదా! మిగిలిన రెండు భుజాలూ సమానం. అంటే మన ఆది తాళం ఒక సమద్విబాహు లంబకోణ త్రిభుజం. ఆ సిద్ధాంతాన్ని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, అది చప్పట్లలో ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నన్ను పడగొట్టిన తిశ్ర జాతి త్రిపుట చూద్దాం. ఏడు చుక్కలు. మూడు, రెండు, రెండు. 0, 3, 5 కలిపితే ఇదీ సమద్విబాహు త్రిభుజమే, కాని లంబకోణం లేదు. ఏడుకు సగం లేదు కాబట్టి ఏ చుక్కకూ ఎదురు చుక్క ఉండదు. ఆ బొమ్మ గీసిన రాత్రి హాస్టల్ గదిలో నా తప్పు నాకు తెలిసొచ్చింది. చిన్నప్పటి నుంచి విన్న పాటలు, భజనలు ఎక్కువభాగం సగానికి సగం తెగే తాళాల్లోవే. నా చెయ్యి లేని వ్యాసాన్ని వెతుక్కుంటూ పోయి, ఎనిమిదో చుక్కను సొంతంగా చేర్చుకునేది. ఇందులో మడక పాపం ఏమీ లేదు. అలవాటైన బొమ్మ ఒకటి, వేయాల్సిన బొమ్మ ఒకటి. ఆ తేడాను ఎవరైనా సుద్దముక్కతో బోర్డు మీద గీసి చూపించి ఉంటే అయిదు నిమిషాల పని.

ఇంకో సంగతి. తాళం రానివాళ్ళని అంకెలు లెక్కపెట్టమంటారు. తెలుగు అంకెలు లెక్కపెట్టి చూడండి: రెండు, మూడు మూడేసి మాత్రలు, నాలుగు దగ్గర నాలుగు మాత్రలు, ఎనిమిదికీ నాలుగు. కొలబద్దే వంకర. మన పెద్దలు అందుకే కాబోలు తకిట, తకధిమి, తకతకిట అని అన్నీ లఘువులే ఉండే జతులు పెట్టారు. ఆ జతుల్ని మించిన కొలబద్ద లేదు. నేననేది, నోటికి జతి ఉన్నట్టే కంటికి ఒక బొమ్మ ఉంటే ఏం పోయిందని?

మిగిలిన తాళాలూ గీసుకుంటూ పోయాను. చతురశ్ర జాతి ధ్రువ (4, 2, 4, 4) మూడు భుజాలు సమానమైన సమలంబ చతుర్భుజం. ఖండ జాతి అట తాళం (5, 5, 2, 2) అచ్చంగా గాలిపటం! భైరవి రాగంలో విరిబోణి వర్ణం వినేటప్పుడల్లా ఇప్పుడు నాకు గాలిపటమే కళ్ళ ముందు ఆడుతుంది. మిశ్ర జాతి ఝంప (7, 1, 2) కోపంగా ఉన్నవాడు గీసిన త్రిభుజంలా ఒక పక్కకు లాక్కుపోతుంది. రూపకానికి మాత్రం రెండే చుక్కలు, ఒక గీత తప్ప ఏమీ రాదు. ఏక తాళానికి ఒకే చుక్క. అక్కడ బొమ్మ మూగది, ఒప్పుకుంటాను.

టూసాంట్ 2005లో రాసిన పత్రం సంగతి చెప్పి తీరాలి. ఎనిమిది చోట్లలో మూడు దెబ్బలు వీలైనంత సమదూరంగా పంచాలంటే ఎట్లా? యూక్లిడ్ రెండువేల మూడువందల ఏళ్ళ కిందట గ.సా.భా. కోసం చెప్పిన భాగహార పద్ధతినే వాడితే మూడు, మూడు, రెండు అని వస్తుంది. తకిట తకిట తక. క్యూబా సంగీతంలో దీన్ని ట్రెసియో అంటారు. అయిదు దెబ్బలైతే సింకియో అనే మరో లయ వస్తుంది: రెండు, ఒకటి, రెండు, ఒకటి, రెండు. లోకంలోని ఎన్నో సంప్రదాయ లయలు ఈ ఒక్క లెక్కలోంచి వస్తాయని ఆయన చూపించాడు. అమెరికాలో న్యూట్రాన్లను పుట్టించే యంత్రంలో విద్యుత్ స్పందనలకు వేళలు పంచడానికి బ్యోర్క్‌లండ్ అనే ఆయన వేసిన లెక్కా ఇదే.

పోయిన వానాకాలం ఇంటికి వెళ్ళినప్పుడు ఇదే ప్రశ్న మా నాయనను అడిగాను. మా చేలో ఏడు సాళ్ళు వేరుశనగ, ఒక సాలు కంది వేస్తాం. "నాయనా, ఎనిమిది సాళ్ళలో మూడు కంది సాళ్ళు పెట్టాలంటే ఎట్లేస్తావు?" అన్నాను.

"అన్ని కంది సాళ్ళు ఎవురేస్తారు పాపా?"

"ఎవరో వేస్తారనుకో."

గొర్రు మీద చెయ్యేసి ఒక్క క్షణం ఆలోచించాడు. "మూడుకొకటి, మూడుకొకటి, రెండుకొకటి. యాడా ఇరుకు గాకుండా. ఇంగెట్లేస్తారు?"

ట్రెసియో! మా నాయన యూక్లిడ్ పేరు వినలేదు, క్యూబా ఎక్కడుందో తెలియదు. ఇంకా విచిత్రం, ఆ మూడు కంది సాళ్ళు పోగా మిగిలిన అయిదు వేరుశనగ సాళ్ళను వృత్తం మీద పెట్టి చూస్తే అది సింకియోనే, కాస్త తిప్పి చూడాలి అంతే. మడక పట్టే చేతులకు తాళం నిలవదన్నవారికి ఈ చేను ఒకసారి చూపించాలని ఉంది.

ఇదంతా పరదేశపు మోజు అనే పెద్దలున్నారు. బాగ్దాదులో పదమూడో శతాబ్దంలోనే సఫీయుద్దీన్ అల్ ఉర్మవీ అనే సంగీత శాస్త్రవేత్త లయలను వృత్తాలుగా గీసి చూపాడు. దూరం ఎందుకు, మన శాస్త్రంలోని యతుల పేర్లు చూడండి. గోపుచ్ఛ యతి ఆవుతోకలాగా సన్నబడుతూ పోతుంది, స్రోతోవహ ఏరులాగా వెడల్పవుతూ పోతుంది, మృదంగ యతి నడుమ లావు, డమరు యతి నడుమ సన్నం. ముత్తుస్వామి దీక్షితులు త్యాగరాజ యోగ వైభవం కృతిలో మాటల్నే ఆవుతోకలాగా తగ్గిస్తూ పోయారు. ఇవి బొమ్మలు కాక మరేమిటి? తెలుగు వాచకంలో ఛందస్సుకు యమాతారాజభానసలగం అని బట్టీ పట్టాం. చివరి రెండక్షరాల గురులఘువులూ మొదటి రెండింటివీ ఒకటే. ఆ చివరి రెండూ తీసేసి మిగిలిన ఎనిమిదింటినీ వృత్తం మీద పెడితే, ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు చదివినా ఒక్కొక్క గణం, ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారే వస్తాయి. మన దగ్గర వృత్తం ఎప్పుడూ ఉంది. దాన్ని పిల్లల ముందు గీయడమే మానుకున్నాం.

కంటితో చూసి చెవి పని నేర్చుకోగలమా అనేది రెండో ఆక్షేపణ. ఇది గట్టిదే. ఎండాకాలం సెలవుల్లో మా ఊరి బడి ఆవరణలో ముగ్గుపిండితో పెద్ద వృత్తం గీసి, చుక్కకొక పిల్లను, పిల్లవాణ్ణి నిలబెట్టాను. 0, 4, 6 మీద ఉన్నవాళ్ళే చప్పట్లు కొట్టాలి, మిగతావాళ్ళ వంతు రాగానే ఊరికే అడుగు వేయాలి. మొదటిరోజు గందరగోళం. పక్కవాళ్ళ చేతులు చూసి కొట్టడం వల్ల ప్రతి దెబ్బా ఆలస్యం. రెండోరోజు వేగం పెరిగి పెరిగి నవ్వుల్లో కలిసిపోయింది. గీతలో వేగం లేదు, దెబ్బ బరువూ లేదు. చెట్టుకింద కూర్చుని చూస్తున్న చెక్కభజన తాత చివరికి ఉండబట్టలేక, "గుండ్రం బాగుంది గానీ నిలబడుకుంటే తాళం రాదమ్మే, తిరగల్ల" అన్నాడు. ఆయన చెక్కలు వాయిస్తూ ముందు నడిచాడు, పిల్లలు వెనకే వృత్తం మీద నడిచారు. చుక్క మీద కాలు పడినప్పుడు చప్పట్లు. అప్పుడు కుదిరింది. చెక్కభజన కూడా గుండ్రంగానే తిరుగుతారన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు!

నాలుగోరోజు ఏడు చుక్కలు గీశాను. అయిదో తరగతి పిల్ల ఒకతె తన చుక్క మీద నిలబడి, అటూ ఇటూ చూసి, "అక్కా, నాకు ఎదురుగా ఎవరూ లేరే" అంది. నాకు రెండేళ్ళు పట్టిన విషయం అది. వారం తర్వాత ముగ్గు చెరిపేసి చూస్తే పన్నెండు మందిలో తొమ్మిదిమంది త్రిపుట తప్పకుండా వేశారు. ఇద్దరు తడబడ్డారు. ఒకడు మామిడితోటకు పారిపోయాడు.

కాబట్టి మా లెక్చరర్లకు, విద్యార్థి సంఘానికి నా మనవి. మన కాలేజీలో గణితశాఖ బోర్డుకు చెక్క వృత్తలేఖిని ఉంది. కల్చరల్ గదిలో ఒక మృదంగం, రెండు జతల చెక్కలు ఉన్నాయి. ఈ రెండు గదుల మధ్య ఒక వరండా దూరమే. నాకు తెలిసి ఈ మూడేళ్ళలో అక్కడిది ఇక్కడికి ఎవరూ తీసుకురాలేదు. వచ్చే ఏడు వార్షికోత్సవంలో ఎట్లాగూ ముగ్గుల పోటీ ఉంటుంది. దాంట్లో ముప్పైఅయిదు తాళాల్లో ఏదైనా ఒకటి ముగ్గుగా వేసి, దాని మీద నడిచి చూపించాలని ఒక అంశం చేర్చండి. అబ్బాయిలనూ రానివ్వండి. తాళం రాదని ఎవరో చెప్పగా నమ్మినవాళ్ళనైతే ముందు రానివ్వండి. మొదటి పేరు నాదే రాసుకోవచ్చు.

ఈ సంక్రాంతికి మా ఇంటి ముందర వాకిట్లో అట తాళం గీశాను. అమ్మ పేడ కలిపిన బకెట్టుతో వచ్చి చూసి, "ఇదేం ముగ్గే, ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి?" అంది. అట తాళమని చెప్పాను. "సరే, ఎద్దులు తొక్కకముందే పాడుకో" అని లోపలికి పోయింది.