నాటేముందే అడగండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు ఏళ్ల తరబడి నీడనిచ్చిన చెట్లు ఒక్క రోజులో నేలకూలాయి. నగరాన్ని త్వరగా పచ్చగా మార్చాలని వీధుల వెంట మొక్కలు నాటారు. వాటిలో ఏడాకుల పాల పెద్ద సంఖ్యలో ఉంది. అది ఏపుగా పెరిగింది, గుబురుగా నీడ ఇచ్చింది. పూతకు వచ్చాక చిక్కు మొదలైంది. చలికాలం ముందు, సాయంత్రం అయితే చాలు, ఆ పూల ఘాటు వీధంతా కమ్మేస్తుంది. తలనొప్పి, ఆయాసం అంటూ నగరవాసులు ఫిర్యాదు చేశారు.

ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళాలు చాలా సున్నితం. అగరుబత్తి పొగ, సెంటు, పూల ఘాటు... ఏది తగిలినా బిగుసుకుపోవచ్చు. అందరికీ ఇలా జరగదు. అలాగని బాధపడేవారిది ఉత్త అనుమానమని కొట్టిపారేయకూడదు. మీ ఇంట్లో ఆస్తమా రోగి ఉంటే పూత రోజుల్లో సాయంత్రం నుంచి కిటికీలు మూసి ఉంచండి. డాక్టరు రోజూ వాడమన్న ఇన్‌హేలర్ మానొద్దు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అయితే ఉన్న చెట్లన్నిటినీ ఒక్కసారిగా నరికేయడం వైద్యం కాదు. మే నెల ఎండలో నీడ లేని వీధి వృద్ధులకు, గుండె జబ్బులున్నవారికి, బయట పనిచేసేవారికి ముప్పే. పూతకు ముందే కొమ్మలు కత్తిరించడం, ఇతర జాతుల మొక్కలు పెంచి అవి ఎదిగాక దశలవారీగా మార్చడం మేలు.

ఈ వానాకాలం మీ కాలనీలో మొక్కలు నాటుతుంటే ఫొటో దిగేముందు కొన్ని ప్రశ్నలు అడగండి. పదేళ్లకు ఇది ఎంత ఎత్తు ఎదుగుతుంది? పైన కరెంటు తీగలున్నాయా? ఎప్పుడు పూస్తుంది, ఆ వాసన ఎలా ఉంటుంది? వీధంతా ఒకే జాతి నాటొద్దు. ఒక్క తెగులు సోకితే అన్నీ పోతాయి. వేప, కానుగ, పొగడ, నేరేడు వంటివి చోటును బట్టి కలిపి నాటండి. మొదటి రెండు మూడు వేసవులు ఎవరు నీళ్లు పోస్తారో పేర్లు రాసుకోండి. ఎన్ని నాటామన్నది కాదు, ఎన్ని బతికాయన్నదే లెక్క.

ఇవాళ మీరు నాటే మొక్క పెరిగేది మీ పిల్లలతోపాటే. రేపు వాళ్లు ఆడుకునేది దాని నీడలో, పీల్చేది దాని గాలి. ఎంపికలో తొందర వద్దు, పెంపకంలో బద్ధకం వద్దు.