ముంపు ఊళ్ళ వైపు నుంచి జపాన్, ఇండోనేషియా

పోటీ పరీక్షల గైడ్లలో జపాన్ అంటే క్రమశిక్షణ, బుల్లెట్ రైలు, చక్రవర్తి. ఇండోనేషియా అంటే గరుడ చిహ్నం, రామాయణ నాట్యం, లెక్కలేనన్ని దీవులు. ప్రభుత్వం ఒక పాఠం, సమాజం మరో పాఠం, సంస్కృతికి చివర్లో మిగిలిన రెండు పేజీలు. బట్టీ పట్టినవాళ్ళకు మార్కులు వస్తాయి గానీ ఆ జనం మాత్రం అంతుపట్టరు. ఈ మూడింటినీ ఇలా విడదీసి చదవడమే అసలు చిక్కు. ప్రాజెక్టు కోసం ఊరు ఖాళీ చేయమని సర్కారు చెప్పిన రోజున చట్టం ఏమంటుంది, ఊరి పెద్దలు ఎటు నిలబడతారు, తాతముత్తాతల సమాధుల సంగతేమిటి అన్నవన్నీ ఒక్కచోటే బయటపడతాయి. ఆ రోజును చూసిన ప్రాంతం మనది. కొల్లాపూర్‌లో డిగ్రీ, పీజీ చదివే పిల్లలు ఈ రెండు దేశాలనూ ముంపు వైపు నుంచే చదవాలని నా వాదన.

మన కథ తెలిసిందే అయినా రెండు ముక్కలు చెప్పాలి. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించారు. కొల్లాపూర్ నుంచి అలంపూర్ దాకా, అవతల కర్నూలు వైపు కూడా కలిపితే సుమారు వంద ఊళ్ళు. భూసేకరణ జరిగింది 1894 నాటి బ్రిటిష్ చట్టం కింద. జటప్రోలు గుడులనూ, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ రాయి రాయికీ అంకె వేసి విప్పి, ఎగువన మళ్ళీ కట్టారు. మెచ్చుకోదగ్గ పనితనమే, కాదనను. రైతు ఇంటి దూలాలకు మాత్రం ఎవరూ అంకెలు వేయలేదు. నిర్వాసిత కుటుంబానికో ఉద్యోగమంటూ 98 జీవో వచ్చింది 1986లో, అంటే నీళ్ళొచ్చిన ఐదేళ్ళకు. దాన్ని అమలు చేయమని అడిగే ధర్నాలు తెలంగాణ వచ్చాక కూడా ఆగలేదు.

ఇప్పుడు జపాన్‌కు వెళదాం. 1953లో క్యూషూ దీవిలో చికుగో నది ముంచెత్తాక, ఎగువన షిమోఉకె ఆనకట్ట కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. మురోహరా తొమొయుకి అనే అడవుల ఆసామి కుదరదన్నాడు. కొండవాలు మీద చెక్కలతో, రేకులతో ఒక కోట కట్టించి అందులో కాపలా కూర్చున్నాడు. జనం దాన్ని తేనెపట్టు కోట అన్నారు. చట్టాల పుస్తకాలు ముందేసుకుని తానే చదివి, డెబ్బైకి పైగా కేసులు నడిపించాడు. ప్రజాపనులు చట్టానికీ, న్యాయానికీ, మనిషి మనసుకూ మూడింటికీ సరిపోవాలన్నది అతని పట్టు. 1964లో కోట కూల్చేశారు, 1970లో అతను పోయాడు, మూడేళ్ళకు ఆనకట్ట లేచింది. ఓడిపోయాడనే చెప్పాలి. అయితే అదే 1973లో జపాన్ పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టం చేసింది. ముంపు ప్రాంతాల రోడ్లు, బడులు, ఉపాధి ఏర్పాట్ల ఖర్చులో నీళ్ళు వాడుకునే దిగువ ప్రాంతాలు కూడా వాటా పెట్టుకోవడానికి అది వీలు కల్పించింది. జపానీయులు చెప్పిన మాట వినే జాతి అని మనం మురిసిపోతాం గానీ, ఈ చట్టం దారి వేసుకున్నది మాట వినని ఇలాంటి మనుషుల మీదుగానే. సంస్కృతి పాఠం కావాలంటే గిఫు ప్రాంతంలో మరో ఆనకట్ట కింద మునగబోయిన తొకుయామా ఊరు చూడాలి. మసుయామా తజుకో అనే అమ్మ భర్త బర్మా యుద్ధంలో జాడ లేకుండా పోయాడు. ఎప్పుడైనా తిరిగొస్తే, ఊరేదని అడిగితే ఏం చూపించాలి? అరవై ఏళ్ళ వయసులో మామూలు చేతి కెమెరా పట్టి, పొలం, బడి, పెళ్ళి, వీడ్కోలు అన్నీ తీసింది. దాదాపు లక్ష ఫొటోలు మిగిల్చి 2006లో కన్నుమూసింది. ఆనకట్ట 2008లో పూర్తయింది.

ఇండోనేషియాలో అందరూ కూర్చుని ఏకాభిప్రాయానికి రావడం ఆదర్శమని పుస్తకాలు చెబుతాయి. పరిహారం కూడా అలాగే తేలాలని నిబంధన ఉండేది. మధ్య జావాలో ప్రపంచ బ్యాంకు అప్పుతో కట్టిన కెడుంగ్ ఓంబో ఆనకట్ట దగ్గర సుహార్తో సర్కారు ఆ ఆదర్శాన్ని ఎలా వాడిందో చూడండి. ఇచ్చింది తీసుకోనన్నవాళ్ళ గుర్తింపు కార్డు మీద మాజీ రాజకీయ ఖైదీ అని ముద్ర కొట్టారు. కమ్యూనిస్టులన్న ముద్ర వేసి జనాన్ని చంపిన 1965 నరమేధం గుర్తున్న దేశంలో ఆ ముద్ర పడితే ఉద్యోగమూ ఉండదు, నిద్రా ఉండదు. జనమంతా వేరే దీవులకు తరలిపోతారని కాగితాల మీద రాసుకున్నారు. చాలామంది కదలనే లేదు. 1989 జనవరిలో నీళ్ళు వదిలారు. వెళ్ళొద్దని ప్రభుత్వం అన్నా, మంగున్‌విజయ అనే క్యాథలిక్ ఫాదర్, నవలాకారుడు, వాస్తుశిల్పి, ముస్లింలు ఎక్కువగా ఉన్న ఆ ఊళ్ళ పిల్లల కోసం వెళ్ళాడు. కొన్ని కుటుంబాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, అడిగినదానికంటే ఎక్కువ పరిహారం గెలిచాయి. 1994లో అదే కోర్టు పునస్సమీక్షలో ఆ తీర్పును రద్దు చేసింది.

జపాన్ డబ్బున్న దేశం, ఇచ్చుకోగలదు, వాళ్ళతో మనకు పోలికేమిటని ఎవరైనా అనొచ్చు. దీనికి జవాబు సుమత్రాలో ఉంది. అక్కడి కోతో పంజాంగ్ ఆనకట్టకు అప్పిచ్చింది జపానే. ముంపు ఊళ్ళలో ఆస్తి తల్లి వైపు వంశానికి చెందుతుంది. సంతకాలు మాత్రం వంశ పెద్దల చేత పెట్టించారని, ఇస్తామన్న రబ్బరు తోటలు సరిగ్గా అందలేదని జనం ఫిర్యాదు. 2002లో వేల మంది గ్రామస్థులు టోక్యో కోర్టులోనే జపాన్ మీద దావా వేశారు. పునరావాసం ఇండోనేషియా ఇంటి వ్యవహారమంటూ 2009లో కోర్టు కొట్టేసింది. అంటే 1973 చట్టం చేసిన అదే డబ్బున్న దేశం, సుమత్రా రైతు దగ్గరికి వచ్చేసరికి చేతులు దులుపుకుంది. తేడా డబ్బులోనూ లేదు, జాతి గుణంలోనూ లేదు. ప్రభుత్వాన్ని ఓటుతోనో కేసుతోనో పట్టి నిలదీసే వీలు ఎవరికుందన్నదే తేడా.

శ్రీశైలం పాత కథ, ఆ ఆనకట్టే లేకపోతే కరెంటూ నీళ్ళూ ఎక్కడివన్నది ఇంకో మాట. ఆనకట్ట వద్దని ఇక్కడెవరూ అనడం లేదు. కల్వకుర్తి ఎత్తిపోతలకు మొదటి పంపుహౌస్ మన ఎల్లూరు దగ్గరే ఉంది. పాలమూరు–రంగారెడ్డి మొదటి పంపుహౌస్ నార్లాపూర్‌ది, 2023లో ప్రారంభమైంది. దాని రిజర్వాయర్ల కింద మళ్ళీ భూములు, తండాలు పోయాయి, కాబట్టి ఇది పాత కథ కాదు. 2013 కేంద్ర చట్టం వచ్చిందిగా అంటారు. భూమి తీసుకునే ముందు జనం మీద పడే ప్రభావాన్ని అంచనా వేయాలన్నది ఆ చట్టానికి ఆయువుపట్టు. ప్రాజెక్టులకు దాన్ని తప్పించుకునే వెసులుబాటును మన రాష్ట్రం సవరణతో తెచ్చుకుంది. మరి భాషలు రావే అంటే, హైదరాబాద్‌లోని విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపనీస్ చెబుతారు. కెడుంగ్ ఓంబో మీద ప్రపంచ బ్యాంకు కాగితాలు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు, పీజీ ప్రాజెక్టు వర్క్ చాలు. 98 జీవోనూ జపాన్ 1973 చట్టాన్నీ పక్కపక్కన పెట్టుకుని, 1981లో ఇల్లు విప్పుకుని వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. అప్పటి పాతికేళ్ళవాళ్ళకు ఇప్పుడు డెబ్బై. మొదటి ప్రశ్న ఆ జపాన్ చట్టంలోంచే తీసుకోవచ్చు: మీ నీళ్ళతో దిగువన ఎవరు బాగుపడ్డారు, వాళ్ళ వైపు నుంచి మీకేం వచ్చింది?